ఎర్రకుక్క వదిలేసిన నీళ్లు

నా చిన్నప్పుడు దివిసీమలో మా పేటకి ఏ నీళ్లు మంచివో మా ఎర్రకుక్క చెప్పేది. సముద్రం దగ్గరి ఊరు మాది. వేసవిలో కాలవ కట్టేశారంటే చెరువు అడుగంటేది. మా తాతయ్య కాలవ అడుగున ఇసకలో నాలుగైదు చెలమలు తవ్వేవాడు. రెండు మూరలు దిగితే ఒకదాంట్లో మంచినీళ్లు ఊరేవి, దాని పక్కదాంట్లోనే ఉప్పునీళ్లు. కుక్క గతికిన చెలమ మనుషులకి. వాసన చూసి వదిలేసింది గిన్నెలు తోముకోడానికి.

పక్కింటి అక్క బిందె చంకన పెట్టుకుని వచ్చి, "ఏం తాతా, మీ దొరగారు రుచి చూశారా? ముంచుకోవచ్చా?" అని ఎగతాళి చేసేది. చేసినా, కుక్క తాగేదాకా ఆవిడా ముంచేది కాదు.

ఒక ఏడు గాలివానకి సముద్రం ఊళ్లోకి వచ్చి వెళ్లింది. చచ్చిన గొడ్లు కాలవ గట్టున ఉబ్బి పడున్నాయి. ఇంటికి కప్పు లేదు, తినడానికి లేదు. అన్నిటికన్నా దాహం పెద్ద బాధ. మూడో రోజుకి ట్రాక్టరు మీద నీళ్ల ట్యాంకు వచ్చింది. బ్లీచింగు కలిపిన నీళ్లు, ముక్కు పగిలే ఘాటు. తాతయ్య అలవాటు కొద్దీ చిప్పలో పోసి కుక్క ముందు పెట్టాడు. అది మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి తిరిగింది. తాడితోపు వెనక మెరక మీది గుంటలో నిలిచిన వాననీళ్లు కడుపారా తాగింది.

ట్యాంకుతో వచ్చిన నర్సమ్మ బతిమాలింది. "వాసనకి భయపడకండి పెద్దాయనా, పిల్లలకి ఈ నీళ్లే పట్టండి."

"కుక్కే వద్దన్న నీళ్లు పసోళ్లకెట్టా పట్టమంటావమ్మా?" అన్నాడు తాతయ్య. పేటంతా ఆయన మాటే విన్నది. గుంటనీళ్లలో ఉప్పు లేదు, తియ్యగా ఉన్నాయి. అదే మా కొంప తీసింది.

మర్నాటికి నాలుగేళ్ల మా తమ్ముడికి వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. వాడు నీళ్లు నీళ్లు అని అడుగుతుంటే అమ్మ ఆ గుంటనీళ్లే పట్టింది. పొద్దు వాలేసరికి అడగడం మానేశాడు.

వాణ్ణి మట్టిలో పెట్టాక తాతయ్య ఇంటికి రాలేదు. నేరుగా గుంట దగ్గరికి వెళ్లి, బిందెలతో వస్తున్న ఆడవాళ్లకి అడ్డం నిలబడ్డాడు. "నా మనవణ్ణి నేనే చంపుకున్నాను. కుక్కకి ఉప్పు తెలుసు, జబ్బు తెలీదు. అంతమాత్రం నాకు తట్టలేదు. మీ పిల్లల్ని మీరు చంపుకోకండి" అన్నాడు. ట్యాంకు దాకా నడిచి, ఆ ఘాటు నీళ్లు దోసిట్లో పట్టి అందరూ చూస్తుండగా తాగాడు. ఎవరో కుక్క మీదికి కర్ర ఎత్తితే దాని తప్పేముందని ఆపాడు.

పేటలో మాట చెల్లే మనిషి. దేవుడి చిత్తమని ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు. పక్కింటి అక్క బిందెలో గుంటనీళ్లు పారబోసి ట్యాంకు కింద పెట్టింది. ఆవిడ పిల్లలిద్దరూ బతికారు.

పోయిన ఏడు మా ఆయన పోయాడు. ముదినేపల్లి దగ్గర చేపల చెరువు మీద పని ఆయనది. ఛాతీ పట్టేసిందంటే గ్యాసనుకుని సోడా తాగించి పడుకోబెట్టాను. గుడివాడ ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లూ ఆయుష్షు అంతేనన్నారు. ఆ మాట చాటున నేను దాక్కోవచ్చు. కానీ ఆయన కోసం చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూటంలో లేచి నిలబడ్డాను. చేసింది చేసినట్టు చెప్పాను, సోడా సంగతి కూడా. మీ ఇంట్లో ఎవరికైనా ఛాతీ నొప్పంటే ముందు ఆటో పిలవండమ్మా అన్నాను.

మా అబ్బాయి చెయ్యి పట్టి కూర్చోబెడుతూ, "ఎందుకమ్మా నలుగురిలో?" అని గొణిగాడు.

నలుగురూ వినాలనేరా అన్నాను.