తెప్పల నాంచారమ్మ దగ్గర ఆగిన టెస్టు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మనిషి చెయ్యి పడకుండా మౌస్ కదిలేలా, అక్షరాలు వాటంతటవే టైపయ్యేలా చేయడమే నా ఉద్యోగం. అలాంటి నన్ను ఎవరు భయపెడతారు?

2006 వేసవిలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా ఉన్నాను. ఊళ్లోనే ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి మేం ప్రోగ్రాం తయారు చేశాం. డాక్టరు రక్తం కావాలని రాస్తే, ఆ చీటీ కంప్యూటర్‌లోనే ముందు ల్యాబ్‌కు, అక్కడ సరిచూశాక బ్లడ్ బ్యాంకుకు వెళ్లాలి. అది సరిగ్గా వెళ్తోందో లేదో చూడటానికి నేనొక స్క్రిప్టు రాశాను. నడిపితే, ముప్పైమంది పేషెంట్ల వివరాలు తనే నింపి, తనే బటన్లు నొక్కి, ఏది పాసైందో ఏది ఆగిందో చెబుతుంది.

ఆ ముప్పైమందీ నేను కల్పించినవాళ్లే. అందులో ఒకరు తెప్పల నాంచారమ్మ, యాభై ఎనిమిదేళ్లు, ఊరు నాగాయలంక, రక్తం గ్రూపు ఓ నెగటివ్. ఇంటిపేరు నోటికొచ్చింది రాశాను.

ఇరవై తొమ్మిది పాసయ్యాయి. నాంచారమ్మ చీటీ ల్యాబ్ దగ్గర ఆగిపోయింది. వేరే కంప్యూటర్‌లో నడిపాను, ఆగింది. పేరు మారిస్తే వెళ్తోంది, మళ్లీ అదే పేరు పెడితే ఆగుతోంది. కోడ్ రాసిన సురేష్ రెండు రోజులు వెతికి చేతులెత్తేశాడు. పక్క సీటు అమ్మాయి నా కంప్యూటర్ మీద నిమ్మకాయ పెట్టింది. దాన్ని మజ్జిగలో పిండుకుని తాగాను.

మా మేనేజరు ప్రసాద్ గారికి ఓపిక పోయింది.

"ఆ పేరు తీసేయండమ్మా. సోమవారం డెలివరీ ఇచ్చేయాలి."

"తీయనండీ. ఎందుకు ఆగిందో తెలియకుండా పాస్ అని ఎలా రాస్తాను?"

"లేని మనిషి కోసం ఇంత పట్టుదలేంటండీ?"

"మనిషి లేకపోయినా తప్పు ఉంది కదండీ. నా సంతకం లేకుండా పంపుకోండి."

రెండు రోజులు వాదించుకున్నాం. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ప్రోగ్రాం వెళ్తుంది. కానీ కంప్యూటర్ ఎక్కడైనా ఆగితే, ల్యాబ్‌వాళ్లు పేషెంటు రక్తం మళ్లీ తీసి, పరీక్ష చేసి, కాగితం మీద రాసి పంపాలి. ఆసుపత్రివాళ్లు దానికి ఒప్పుకున్నాకే సంతకం పెట్టాను. పంపేముందు నా టెస్టు పేర్లన్నీ తుడిచేశాను. ఒక్కటీ మిగల్లేదని రెండుసార్లు చూసుకున్నాను.

మూడో వారం, పొద్దున పదింటికి ల్యాబ్ టెక్నీషియన్ లక్ష్మి గారు ఫోన్ చేశారు.

"మేడమ్, ఒక పేషెంటు దగ్గర ఆగిపోయిందండీ. ఆపరేషనుంది, తొందర."

"పేరేంటండీ?"

"తెప్పల నాంచారమ్మ."

ఆటో ఎక్కి వెళ్లాను. యాభై ఎనిమిదేళ్లు. నాగాయలంక. కంప్యూటర్‌లో మాత్రం ఎ పాజిటివ్ అని ఉంది. అనుకున్న ప్రకారం లక్ష్మి గారు రక్తం మళ్లీ తీసి పరీక్ష చేశారు. ఓ నెగటివ్ వచ్చింది. నమ్మలేక ఇంకోసారి చేశారు. అదే వచ్చింది. ముందురోజు ఇద్దరు పేషెంట్లకు తీసిన రక్తం ట్యూబుల మీద లేబుళ్లు తారుమారయ్యాయి. చీటీ ఆగకపోతే ఆమెకు ఎ గ్రూపు రక్తం ఎక్కించేవాళ్లు. ప్రాణం పోయేది. లక్ష్మి గారు కుర్చీలో కూలబడి ఏడ్చేశారు.

లేబుల్ మారిన సంగతి ప్రోగ్రాంకు తెలిసే దారి లేదు. దానికి తెలిసింది ఎ పాజిటివ్ ఒక్కటే.

ఆపరేషనయ్యాక నాంచారమ్మను చూడ్డానికి వెళ్లాను. చేపలమ్ముకునే మనిషి. బాగానే ఉంది.

"ఇంతకుముందు ఎప్పుడన్నా ఇక్కడ చూపించుకున్నారామ్మా?" అని అడిగాను.

"లేదమ్మా. బెజవాడ రావటమే ఇది మొదలు" అంది. "ఏం, ఎందుకడిగావ్?"

"ఊరికేనమ్మా" అన్నాను.

కాకతాళీయం అంటారు కొందరు. పేరు కలవొచ్చు, ఊరు కలవొచ్చు. వయసు, రక్తం గ్రూపు కూడా కలిసి, చీటీ సరిగ్గా అక్కడే ఆగాలా? దేవుడి దయ అంటారు ఇంకొందరు. అదీ నేను ఒప్పుకోను. నాకు తెలియనిదాన్ని తెలియదనే అంటాను.

ఆఫీసుకు వచ్చాక, ఆ తప్పు మళ్లీ కనబడటం లేదు కాబట్టి తప్పుల జాబితాలోంచి తీసేయమన్నారు ప్రసాద్ గారు. నిజమే, ఆ పేరుతో ఎన్నిసార్లు నడిపినా ఇప్పుడు పాసవుతోంది. అయినా తీయలేదు. కారణం అనే గడిలో "తెలియదు" అని టైపు చేసి, కింద నా పేరు రాశాను. ఆ కంపెనీలో ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.