భాస్కర్ గారికి పడని రంగు

అది 2023 ఎండాకాలం. నానక్‌రామ్‌గూడలో పెద్ద ఆఫీసు టవర్ల ఎదురుగా ఉన్న ఒక సెలూన్‌లో నేను సీనియర్ స్టైలిస్టుగా చేస్తున్నాను. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే హాలు, గోడంతా అద్దాలు. బయట షేర్ ఆటోల హారన్లు, లోపల ఏసీ చప్పుడు.

మా నాయినది చందానగర్ మార్కెట్లో రెండు కుర్చీల కటింగ్ షాపు. ఆయన దగ్గరికి జుట్టు పెరిగినవాళ్లు వచ్చేవాళ్లు. అంతే. నేను కోర్సు చేసి ఈ పనిలోకి వచ్చినప్పుడు మాత్రం, కస్టమర్ ఎందుకొస్తాడన్న దాని మీద మాకు ఒక రోజంతా పాఠం చెప్పారు. శుభ్రత ఉండాలి, పేరు గుర్తుపెట్టుకుని పలకరించాలి, కత్తెర తీసే ముందు ఏం కావాలో కూర్చోబెట్టి అడగాలి. ఆ అడగడాన్ని కన్సల్టేషన్ అంటారు. అవన్నీ నిజమే. నేను వాటిని నమ్మాను, ఇప్పటికీ పాటిస్తాను. కానీ ఆ ఏడాది మా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందిని తీసుకొచ్చింది అవి కావు.

ఎదురు టవర్లలో ఉద్యోగాలు తీసేస్తున్నారని అందరూ చెప్పుకుంటున్న రోజులు. నలభై దాటిన మగవాళ్లు పని దినాల్లో పట్టపగలు రావడం మొదలుపెట్టారు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు లేదు. కుర్చీలో కూర్చుని, అద్దంలో తమ చెవుల పక్కన చూసుకుని, గొంతు తగ్గించి కలర్ గురించి అడిగేవాళ్లు. మేం కారణం అడిగేవాళ్లం కాదు.

భాస్కర్ గారు అలా రాలేదు. భార్యతో వచ్చారు.

తెనాలి వైపు వాళ్లు. చాలా ఏళ్ల కింద వచ్చి గోపన్‌పల్లిలో ఫ్లాటు కొనుక్కున్నారు. ఆయన ఒక కంపెనీలో ప్రాజెక్టు మేనేజరుగా చేసేవారు. మనిషి పొడుగు, నెమ్మది. తల ముందుభాగం దాదాపు తెల్లబడింది. ఆమె పేరు పద్మజ గారు. కుర్చీలో ఆయన కూర్చుంటే, ఆమె పక్కన నిలబడి ఫోన్‌లో ఒక ఫొటో తీసి నాకు చూపించారు. ఎవరిదో పెళ్లిలో తీసింది. అందులో ఆయన నల్లని జుట్టుతో, చేతిలో కాఫీ కప్పుతో నవ్వుతున్నారు.

"ఇలా కావాలండి. ఈ ఫొటోలో ఉన్నట్టు," అన్నారామె.

"ఎప్పటిది మేడం ఇది?"

"మా అమ్మాయి ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పటిది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది." మిగతాది కూడా తనే చెప్పారు. "ఈయన జాబ్ పోయిందండి. ఇంటర్వ్యూలకి వెళ్తున్నారు. అందరూ మీ ఎక్స్‌పీరియన్స్ బాగుంది అంటారు, తర్వాత ఫోన్ చెయ్యరు. మొన్న ఒకాయన, మా టీమ్ అంతా యంగ్ అండీ అన్నాడట."

"పద్మా, ఆయనకెందుకవన్నీ," అన్నారు భాస్కర్ గారు. కోపంగా కాదు. ఆయన కళ్లు అద్దంలో లేవు, ఒళ్లో పెట్టుకున్న చేతుల మీద ఉన్నాయి.

ఏళ్లుగా ఆయన ఇంట్లో అప్పుడప్పుడూ రంగు వేసుకుంటూనే ఉన్నారట, ఏ ఇబ్బందీ లేదన్నారు. ఆ రోజు చేశాను. కలర్ క్రీములో డెవలపర్ అనే ద్రవం కలుపుతాం. అది వెంట్రుకను తెరిచి రంగు లోపలికి పోయేలా చేస్తుంది. మరీ నల్లగా వేస్తే రంగని తెలిసిపోతుంది కాబట్టి చెవుల పక్కన ఒక షేడు తగ్గించాను. కడిగి ఆరబెట్టాక ఆయన మొదటిసారి అద్దంలోకి నేరుగా చూశారు. పద్మజ గారు వెనక నుంచి వచ్చి, మేమంతా ఉన్నామని కూడా మరిచిపోయి, ఆయన నుదుటి మీది వెంట్రుకలు పక్కకి సర్దారు.

"చూశారా, మీరే," అన్నారు.

ఆ తర్వాత ప్రతి ఇంటర్వ్యూ ముందూ వచ్చేవారు. రూట్ టచప్ అంటాం, కొత్తగా మొలిచిన తెలుపు మీద మాత్రమే రంగు వేయడం. వచ్చినప్పుడల్లా పద్మజ గారు ఆశగా ఏదో చెప్పేవారు. ఈసారి కంపెనీ మంచిది, ఈసారి తెలిసినాయన ఉన్నాడు, ఈసారి రెండో రౌండ్ దాకా వెళ్లింది. తర్వాత వచ్చినప్పుడు ఆ కంపెనీ మాట ఎత్తేవారు కాదు. కొత్త పేరు చెప్పేవారు. భాస్కర్ గారు మాత్రం రానురాను మాట తగ్గించేశారు. ఒకసారి తల కడుగుతుంటే కళ్లు మూసుకుని అన్నారు. "ఇరవై మందిని నేనే ఇంటర్వ్యూ చేసి తీసుకున్నానండి మా టీమ్‌లోకి. ఎవరి తల ఎలా ఉందో ఒక్కరోజూ చూసినట్టు గుర్తు లేదు."

వానలు మొదలయ్యాక ఒకరోజు వచ్చారు. మరుసటి వారం ఒక పెద్ద కంపెనీలో చివరి రౌండ్, నేరుగా రమ్మన్నారు. నేను దువ్వెనతో పాయలు తీస్తుంటే నెత్తి మీద ఎర్రగా దద్దురు కనిపించింది. చెవుల వెనక చర్మం పొట్టు లేస్తోంది.

"సార్, దురద ఉన్నదా?"

"పోయినసారి వేశాక కొంచెం ఉందండి. రెండ్రోజులకి తగ్గింది."

రంగు నల్లగా రావడానికి అందులో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. ఏళ్ల తరబడి ఏమీ చెయ్యదు. ఒకనాడు ఒళ్లు దాన్ని శత్రువు అనుకుంటుంది, ఇగ అప్పటి నుంచి ఒప్పుకోదు. అందుకే ప్యాచ్ టెస్ట్ చేస్తాం. మోచేతి మడతలో కొంచెం రంగు రాసి రెండు రోజులు ఆగి చూడటం. రాసి పంపాను. వాళ్లు మళ్లీ వచ్చేసరికి ఆయన మోచేతి దగ్గర పొక్కులు లేచి నీరు కారుతోంది.

"సార్, ఇగ మీకు రంగు వెయ్యొద్దు. ఇక్కడనే కాదు, ఎక్కడా వెయ్యొద్దు," అన్నాను.

పద్మజ గారు నా చేతిలోని దువ్వెన వైపు చూస్తూ, "ఒక్కసారే మల్లేష్ గారూ. ఇదే లాస్టు. చివరి రౌండ్ కదా," అన్నారు.

"మేడం, చేతి మీద గింత చుక్కకే గిట్లయింది. తలంతా పూస్తే మొహం వాస్తది. గొంతు వాస్తే ఊపిరాడదు. నేను చూసిన. అమోనియా లేనిదని, నేచురల్ అని రాసున్నవి కూడా వద్దు. నల్లగ పండే పొడి ఏదైనా సరే, మీకు పడదు."

"స్ప్రే లాంటివి ఉంటాయటగా?" అడిగారామె.

"ఉంటయి మేడం. తడిస్తే కారుతది."

"వద్దులే," అన్నారు భాస్కర్ గారు. "లిఫ్ట్ దగ్గరికి వెళ్లేసరికే నాకు చెమటలు పట్టేస్తాయి."

నేను చేయగలిగింది చేశాను. పక్కలు ట్రిమ్మర్‌తో బాగా తగ్గించి, పైన పొట్టిగా కత్తిరించి, పాత రంగు మిగిలిన చివర్లన్నీ తీసేశాను. గడ్డం నున్నగా గీశాను, తెల్ల గడ్డం వయసు పెంచుతుంది కాబట్టి. నిజం చెప్పాలంటే చాలా బాగా కుదిరింది. ఆ నెరిసిన పొట్టి జుట్టులో ఆయన హుందాగా ఉన్నారు. మా దగ్గర పనిచేసే అమ్మాయిలు కూడా బాగుందన్నారు. ఆయన లేచి చొక్కా దులుపుకుని నాకు థ్యాంక్స్ చెప్పారు. పద్మజ గారి కళ్లలో నీళ్లున్నాయి.

ఆ ఉద్యోగం రాలేదు.

ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. జుట్టు వల్లేనని నేనెలా అంటాను? కాదని మాత్రం ఎలా అంటాను? కానీ వాళ్లింట్లో అది జుట్టు వల్లే పోయిందని తేలిపోయింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

కొన్ని వారాల తర్వాత, పొద్దున షాపు తెరిచి తువ్వాళ్లు మడత పెడుతుంటే ఫోన్ వచ్చింది. పద్మజ గారు. ఊపిరి అందక మాట్లాడుతున్నారు.

"మల్లేష్ గారూ, మేం హాస్పిటల్లో ఉన్నామండి. డాక్టర్ గారు అడుగుతున్నారు, ఆ రంగులో పడనిది ఏంటని. మీరు ఏదో పేరు చెప్పారు కదా, నాకు గుర్తు రావట్లేదు..."

నేను పేరు చెప్పాను. ఆమె డాక్టరుకి వినిపించేలా గట్టిగా రెండుసార్లు అన్నారు. ఫోన్ కట్ అయింది.

సాయంత్రం వెళ్లాను. ఐసీయూ నుంచి అప్పుడే వార్డుకి మార్చారు. మంచం మీద ఉన్నది ఎవరో నేను గుర్తుపట్టలేకపోయాను. నుదురూ ముక్కూ చెంపలూ కలిసిపోయి ఒకే ముద్దలా ఉన్నాయి. కళ్లు గీతల్లా మూసుకుపోయాయి. నెత్తి మీద గాజుగుడ్డ వేసి ఉంది, దాని కింద నుంచి పసుపుపచ్చ రసి కారుతోంది. వెంట్రుకలు మాత్రం నల్లగా ఉన్నాయి. చాలా నల్లగా.

పద్మజ గారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే, "నేనే పూశానండి. ఈ చేతులతో నేనే పూశాను," అని ఏడ్చారు. ఆమె గోళ్ల చుట్టూ నలుపు ఇంకా పోలేదు.

మంచం మీద నుంచి ముద్దముద్దగా మాట వచ్చింది. "తను వద్దందండి. మీరు చెప్పింది ఇద్దరికీ గుర్తుంది. నేనే ఆ నల్ల రంగు పొడి తెచ్చాను. నేనే పూయమన్నాను." మళ్లీ, "ఇవాళ పదకొండింటికి ఇంటర్వ్యూ. ఫోన్ చేసి చెప్పావా పద్మా?" అన్నారు.

అప్పటికి సాయంత్రమైందని ఆయనకి తెలిసినట్టు లేదు.

నేను బత్తాయిలు తీసుకెళ్లాను. అవి అక్కడ పెట్టి వచ్చేశాను. తెలియక చేసుకుంటే ఒక తీరు. చేతి మీద పొక్కులు చూసి, గొంతు వాస్తుందని విని, చదువుకున్న మనిషి అన్నీ తెలిసి తల వంచి కూర్చున్నాడు. ఎంత భయపడితే అట్ల కూర్చుంటాడు?

ఆయన ప్రాణం దక్కింది. నెత్తి మానడానికి చాలా రోజులు పట్టింది. మానాక ఒక మధ్యాహ్నం సెలూన్‌కి వచ్చారు. పద్మజ గారు కారులోనే ఉండిపోయారు, గాజు తలుపులోంచి నాకు కనిపిస్తున్నారు. ఆయన టోపీ తీశారు. అక్కడక్కడా నల్ల కుచ్చులు, మధ్యలో గులాబీ రంగు మచ్చలు.

"మొత్తం తీసేయండి," అన్నారు.

బ్లేడు పెట్టలేదు, చర్మం ఇంకా పచ్చిగా ఉంది. ట్రిమ్మర్‌ని చర్మానికి తగిలీ తగలకుండా పట్టుకుని నెమ్మదిగా తీశాను. కొన్నిచోట్ల ఇగ వెంట్రుకలు మొలవవని నాకు తెలుస్తూనే ఉంది. ఆయన ఈసారి కళ్లు దించుకోలేదు. పని అయ్యేదాకా అద్దంలో తనను తాను చూసుకుంటూనే ఉన్నారు.

"మల్లేష్ గారూ, ఇప్పుడు నా వయసెంత అనిపిస్తుంది?"

పొద్దున లేస్తే మనిషి మొహం చూసి వయసు అంచనా కట్టే పని నాది. ఆయన మెడ మీది వెంట్రుకలు దులిపాను. "మంచిగైతది సార్," అన్నాను. ఆయన తలూపి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఎన్నడూ రాలేదు.

పద్మజ గారు మాత్రం వచ్చారు, చలికాలంలో, ఒంటరిగా. చిక్కిపోయారు. ఒక పళ్ల డాక్టరు క్లినిక్‌లో ఫ్రంట్ ఆఫీసులో ఉద్యోగం దొరికిందట. పెళ్లయ్యాక ఇదే మొదటి ఉద్యోగం. జాయిన్ అయ్యేముందు కొంచెం నీట్‌గా తయారై రమ్మన్నారట. పాపిట పొడవునా తెలుపు.

"సార్ ఎట్లున్నరు మేడం?"

"ఉన్నారండి. ఫోన్ ఆపేశారు. అప్లై చేయమంటే లాప్‌టాప్ తెరిచి, దాని ముందు కూర్చుని ఉంటారు. అమ్మాయి ఫ్రెండ్స్ ఇంటికొస్తే గదిలోంచి బయటికి రారు." పమిట చెంగు వేళ్లకి చుట్టుకుంటూ అన్నారు. "ఒకప్పుడు ఇల్లంతా ఆయన గొంతే వినిపించేదండి."

రంగు ముట్టుకోను అంటారేమో అనుకున్నాను. ముందు ప్యాచ్ టెస్ట్ చేయమని ఆమే అడిగారు. మోచేతి మడతలో రాసి పంపాను. మళ్లీ వచ్చినప్పుడు చెయ్యి చాపారు. చర్మం తేటగా ఉంది, చిన్న ఎరుపు కూడా లేదు.

"మీకు పడుతది మేడం. ఫికర్ లేదు," అన్నాను.

ఆమె ఆ చేతిని చాలాసేపు చూసుకున్నారు. "నాకు పడకపోయినా బాగుండేదండి. ఆయనకి పడాల్సింది," అన్నారు. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. నేను రంగు కలిపాను. పాయ పాయకీ వేస్తున్నంతసేపూ ఆమె కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతూనే ఉన్నాయి. తుడిచాను. తుడిచి మళ్లీ వేశాను.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లకి ఇప్పుడు నేను పాఠం చెప్తున్నాను. కస్టమర్ ఎందుకొస్తాడు అని అడిగితే పిల్లలు మంచి చెయ్యి, మంచి మాట, మంచి షాపు అంటారు. నేను కాదనను. కానీ ఇక్కడ, ఈ టవర్ల మధ్య, చాలామందిని మా తలుపు దాకా నెట్టుకొచ్చేది భయం. ఎక్కడో ఒక గదిలో ఎవరో తమని ఒక్క చూపు చూసి పక్కన పెట్టేస్తారన్న భయం. ఆ గదిలోకి నా కత్తెర పోదు. భాస్కర్ గారికి నేను వద్దని చెప్పింది సరైన మాటే, ఇప్పుడైనా అదే చెప్తాను. పోయిన నెల కూడా ఒకాయన మోచేతి మీద పొక్కులు చూసి వద్దన్నాను. ఆయన సరేనని లేచి, తలుపు తీసుకుని, ఎండలోకి దిగారు. గాజు తలుపు దగ్గర నిలబడి చూశాను. మా వరసలో ఇంకో రెండు సెలూన్లున్నాయి. ఆయన మొదటిది దాటారు. రెండో దాని ముందు ఆగి, అద్దంలో తల చూసుకుని, లోపలికి వెళ్లారు.