ఇరవై నాలుగో గోళీ

నా చిన్నప్పుడు మా తాతయ్యకు ఒక పాత విదేశీ కారు ఉండేది. ఇప్పుడైతే అలాంటి వాటికి పూలదండలు కట్టి పెళ్లిళ్లకు అద్దెకు తిప్పుతున్నారు. అప్పట్లో రాజోలు చుట్టుపక్కల పవర్ స్టీరింగ్ ఉన్న బండి తనదొక్కటేనని తాతయ్య ఊరంతా చెప్పుకునేవాడు. ఒక వేసవిలో ఆ స్టీరింగ్ కాస్తా బరువెక్కింది. కారు కింద ఎర్రటి నూనె మడుగు కట్టేది. కాలవగట్టు మలుపుల్లో చక్రం తిప్పలేక తాతయ్యకు భుజాలు పట్టేసేవి. ఆ కోపమంతా ఇంటికొచ్చాక మా మీద పడేది.

కొత్తపేట నుంచి కార్లు బాగుచేసే మేస్త్రిగారిని పిలిపించారు. అప్పట్లో అందరిలాగే నేనూ ఆయన్ని ఒట్టి మేస్త్రి అనేదాన్ని. గారు చేర్చడం ఈ వయసులో వచ్చిన బుద్ధి. పొద్దున్నే ఆయన స్టీరింగ్ గేర్‌బాక్సు బండిలోంచి దింపి, వరండాలో గోనెపట్టా పరిచి విప్పారు. లోపల మరలున్న ఒక కడ్డీ, దాని చుట్టూ ఒక ఇనుప దిమ్మ, ఆ రెంటికీ మధ్య గాడిలో దొర్లే ఉక్కు గోళీలు. వాటిని కిరసనాయిలు గిన్నెలో వేస్తూ నాతో కూడా లెక్కపెట్టించారు. ఇరవై నాలుగు. అన్నీ ఒకే కొలతని, ఒక్కటి తగ్గినా చక్రం సరిగ్గా తిరగదని, బయట కొన్నది పెడితే గాడి అరిగిపోతుందని చెప్పారు. ఆడపిల్లనని చూడకుండా నాకు అంత ఓపిగ్గా ఒక పని వివరించిన మొదటి మనిషి ఆయనే.

ఆయన నూనె కారుతున్న పాత సీళ్లు తీసి కొత్తవి కూర్చుతుండగా నేను ఒక గోళీ తీసుకున్నాను. గచ్చకాయలాటలోకి బావుంటుందనిపించింది, అంతే. పడకకుర్చీలో తాతయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు.

బిగించే వేళకు ఇరవై మూడే లెక్క తేలాయి. మేస్త్రిగారు మళ్లీ లెక్కపెట్టారు, కిరసనాయిలు గుడ్డలో వడకట్టారు, మోకాళ్ల మీద పాకుతూ వరండా అంతా తడిమారు. పెరట్లో కొబ్బరికాయలు వలుస్తున్నవాళ్లు పని ఆపి చూస్తున్నారు.

"ఎన్ని తీసేవు మేస్త్రీ?" అన్నాడు తాతయ్య, కళ్లు తెరిచి.

"ఇరవై నాలుగండి. పాపగారు కూడా లెక్కెట్టేరండి. అవునా పాపగారూ?"

గోళీ నా గుప్పిట్లోనే ఉంది. "నాకు తెలీదు" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. ఆ చూపులో కోపం ఉన్నా బావుండేది.

తాతయ్య జేబులు తిరగెయ్యమన్నాడు, తిరగేశారు. పనిముట్ల సంచీ దులపమన్నాడు, దులిపారు. ఆఖరికి అన్నం క్యారేజీ వైపు వేలు చూపించాడు. మేస్త్రిగారు మూత తీసి, కిరసనాయిలు చేత్తో తన అన్నాన్ని తనే అడుగుదాకా కెలికి చూపించారు. మధ్యాహ్నం రెండయింది, ఆయనింకా తినలేదు. కాయలు వలిచేవాళ్లలో ఎవరో నవ్వారు.

అప్పుడు తాతయ్య నా వైపు తిరిగి, మంచినీళ్లు అడిగినంత మామూలుగా, "నీ చేతిలోది ఇచ్చెయ్యవే. పాపం, అతనికి పొద్దుపోతోంది" అన్నాడు. నేను తీసినప్పటినుంచీ తాతయ్య అరమూత కళ్లతో చూస్తూనే ఉన్నాడు.

మేస్త్రిగారు అరచెయ్యి చాపారు. గోళీ తుడిచి, గ్రీజు రాసి, గాడిలో కూర్చారు. గేర్‌బాక్సు బండికి బిగించి, నూనె పోసి, ఇంజను స్టార్టు చేసి, చక్రాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి ఒంటివేలితో తిప్పి చూపించారు. తాతయ్య సంతోషించి, భోంచేసి వెళ్లమన్నాడు. "ఆకల్లేదండి" అని, ఆ అన్నం కుక్కకు పోసి, క్యారేజీ కడుక్కుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నిన్ను కొడితే రేపటికి మర్చిపోతావు, ఇది మర్చిపోవు" అన్నాడు. నిజమే, మర్చిపోలేదు. కానీ నాకు బుద్ధి చెప్పడానికి ఆయనకు ఇంకొకరి అన్నం కావలసి వచ్చింది. పైగా చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ కథ చెప్పి నవ్వించేవాడు. క్యారేజీ దగ్గరికొచ్చేసరికి వంతు నాది. మేస్త్రిగారు అన్నం ఎలా కెలికారో నేను చేసి చూపించేదాన్ని. బాగా చేస్తానని పేరు కూడా వచ్చింది. సిగ్గుపడటం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రెండేళ్లకు స్టీరింగ్ మళ్లీ కారింది. ఎన్ని కబుర్లు పంపినా మేస్త్రిగారు రాలేదు. దాన్ని విప్పడం ఇంకెవరికీ చేతకాక కారు షెడ్డులోనే తుప్పు పట్టింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఇంట్లో ఏదైనా కనబడకపోతే ఎవరి సంచీనీ విప్పించను. కంచంలో అన్నం మాత్రం అడుగుదాకా కలపలేను, పైపైన కలుపుకుని లేచిపోతాను. అడుగున ఎందుకు వదిలేస్తావని పిల్లలు అడుగుతారు. ఆకల్లేదంటాను.