గాజుల ఇస్మత్‌బీ చేతులు

తాండూరులో గాజులమ్మే ఇస్మత్‌బీ ఎవరినీ సైజు అడగదు. వచ్చినవాళ్ల చేయి తన చేతుల్లోకి తీసుకొని, బొటనవేలి కింద కండను ఒకసారి నొక్కి చూస్తుంది. ఆ తర్వాత తీసిన గాజు ఇట్టే ఎక్కుతుంది. అలాంటి మనిషి ఎండాకాలం నుంచి ఎవరి చేయీ పట్టుకోలేదు.

ఆమె పేగులోని క్యాన్సర్ గడ్డ తీసేశాక డాక్టర్లు ఇంట్లో వేసుకోవడానికి గోలీలు రాశారు. వికారాబాద్ ఆసుపత్రిలో మందులిచ్చే స్నేహలత అవి అందిస్తూ, "ఇంట్ల కడుపుతోనున్నోళ్లుంటే అస్సలు ముట్టొద్దు, పైలం," అంది. వెనక వరుస పెద్దగా ఉంది. ఇస్మత్ తల ఊపి వచ్చేసింది.

కోడలు జోయా అప్పటికే కడుపుతో ఉంది. ఇస్మత్ తన కంచం, గ్లాసు వేరు చేసుకుంది. జోయా దగ్గరికొస్తే పక్క గదిలోకి వెళ్లిపోయేది. చివరికి కొడుకు సాకిబ్‌తో కోడల్ని మోమిన్‌పేటలోని పుట్టింటికి పంపించింది. ఎందుకని జోయా అడిగితే, భయపెట్టడం ఇష్టంలేక, "నీ మంచికే," అని ఊరుకుంది. సాకిబ్ నాపరాళ్ల లారీ తోలుతూ ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడు. గిరాకీలో ఎవరు కడుపుతో ఉన్నారో ఏం తెలుస్తుందని దుకాణమూ మూసేసింది.

ఈలోగా ఆమె అరచేతులు ఎర్రబడ్డాయి, మండాయి, పొరలు లేచాయి. కొబ్బరినూనె రాసుకొని గోలీలు మాత్రం మానలేదు.

మళ్లీ మందుల కోసం వెళ్లినప్పుడు స్నేహలత, "చేతులు చూపియ్యమ్మా," అంటూ చేయి చాపింది. ఇస్మత్ గభాలున కొంగులో దాచుకుంది.

"జర దూరముండు బిడ్డా. నువ్వూ పెండ్లైన పిల్లవే. ముట్టొద్దని నువ్వే చెప్తివి గద."

"నేనా?"

"కడుపుతోనున్నోళ్లు ముట్టొద్దంటివి. గందుకే కోడల్ని పంపిచ్చేసిన."

స్నేహలత బల్ల వెనక నుంచి లేచి వచ్చింది. "అయ్యో! గోలీలను ముట్టొద్దన్ననమ్మా, నిన్ను కాదు. గోలీ ఏసుకొని సబ్బుతోని చేతులు కడుక్కుంటే అయిపాయె."

ఆ 'గోలీలను' అన్న మాట ఆ రోజు తను అనలేదని స్నేహలతకు గుర్తొచ్చింది. కొంగు తొలగించి చూసి, "గిట్లయితే ఫోన్ జెయ్యాలె గద! ఇంట్ల ఎవ్వరు చూడలేదా?" అంది.

"ఎవరన్న పట్టుకుంటే గద చూసేది."

డాక్టరు వచ్చి చూశాడు. ఇది గోలీల వల్లేనని, చేతులు నయమయ్యేదాకా అవి ఆపమన్నాడు. తర్వాత మోతాదు తగ్గించి రాస్తానన్నాడు.

ఇంటికొచ్చి ఇస్మత్ కోడలికి ఫోన్ చేసింది.

"ఇయ్యాల యాదికొచ్చిన్నా అమ్మీ?" అంది జోయా పొడిగా.

జరిగిందంతా చెప్పింది ఇస్మత్. జోయా గొంతు మెత్తబడింది. "ఏడో నెల గాజులకు గీ ఊరి గాజులామెను పిలుస్తరంట. నా చేతులు వాచినయ్. సైజెంతని చెప్పాలె?"

ఇస్మత్ తన అరచేతుల వైపు చూసుకుంది.

"నోటితోని చెప్తే తెల్వది బిడ్డా. ముట్టి చూడాలె. చేతులు మాననీ, నేనే వస్త. ఎవ్వల్నీ పిలవొద్దను."

ఫోన్ పెట్టేసింది. వేరుగా పెట్టుకున్న గ్లాసు తెచ్చి, జోయా గ్లాసు పక్కన బోర్లించింది.