మార్తా నోట మా ఊరి మాట

మా ఇంట్లో దెయ్యమనే మాట బైబిలు చదివేటప్పుడు తప్ప వినిపించేది కాదు. సోది, చేతబడి, గాలి సోకడం, ఇలాంటివి ఎవరైనా మొదలుపెడితే మా నాన్న లేచి చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయేవాడు. నేను నర్సింగ్ చదివేను. మత్తు దిగుతున్నవాళ్ళు, జ్వరం నెత్తికెక్కినవాళ్ళు ఎన్ని రకాలుగా మాట్లాడతారో పక్కనుండి విన్నదాన్ని. దెయ్యాల్నే కాదు, అద్భుతాల్ని కూడా అంత తొందరగా నమ్మను. చర్చిలో ఎవరైనా మైకు పట్టుకుని స్వస్థత గురించి సాక్ష్యం చెప్తుంటే, ముందు డాక్టరుకి చూపించేరా లేదా అన్నదే నా ఆలోచన.

మాది చోడవరం. నాన్న షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యేడు. నా చదువు అయ్యేక, ఉద్యోగంలో చేరకముందు, యూరప్‌లో ఊరూరా తిరిగి సేవ చేసే ఒక యువజన మిషన్ బృందంలో నాకు చోటు దొరికింది. అమ్మ ఏడ్చింది, నాన్న స్వెట్టర్ కొన్నాడు, నేను బయల్దేరేను.

బృందమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక పాత వ్యాను, అందులో గిటార్లు, పరుపులు, వంటగిన్నెలు, ఒక్కో దేశం నుంచి ఒక్కో మనిషి. చర్చి హాళ్ళలో నేల మీద పడుకునేవాళ్ళం. ఒకచోట శరణార్థులకి సూపు వడ్డించేం. ఇంకోచోట బడి గోడలకి రంగులేసేం. వృద్ధాశ్రమాల్లో పాటలు పాడేం. మా లీడర్ డేనియల్ డచ్ కుర్రాడు. తెలుగు తెలిసినవాడు నేను కాక ఒక్కడే, తెనాలి కిరణ్. వాడికి నా యాస పెద్ద వినోదం. "ఏటి సునీతా, టీ ఎట్టీసేవా?" అని పొద్దున్నే మొదలెట్టేవాడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నా అనుమానం మొట్టమొదట వాడి మీదకే పోయింది.

హంగేరీలో ఒక పల్లెటూరి వృద్ధాశ్రమానికి వెళ్ళేం. చుట్టూ పొద్దుతిరుగుడు చేలు, మధ్యలో పసుపు రంగు బిల్డింగు. అక్కడ పనిచేసే యుదిత్ అనే ఆవిడకి కొద్దిగా ఇంగ్లీషు వచ్చు. రెండోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యేక మావాళ్ళు హాల్లో పాటలు మొదలెట్టేరు. నేను నర్సుని కదా, నాకు ముసలివాళ్ళ గోళ్ళు తీసే పని అప్పజెప్పేరు.

కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో మార్తా అనే ముసలమ్మ ఉంది. భర్త రైల్వే గేటు కాసేవాడట. ఆవిడ ఆ గేటు పక్క ఇంట్లోనే కాపురం చేసి, అక్కణ్ణుంచి నేరుగా ఈ ఆశ్రమానికి వచ్చిందట. మతిమరుపు జబ్బు. మాట పోయి చాలాకాలమైందని, ఆకలేసినా అడగదని యుదిత్ ముందే చెప్పింది.

నేను స్టూలు మీద కూర్చుని ఆవిడ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీస్తున్నాను. ఉన్నట్టుండి ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. తలెత్తి చూసేను. నా మొహంలోకే చూస్తోంది.

"సీడికాడ కాంతం పిన్నికి సెప్పు. నన్ను ఎతకొద్దని సెప్పు. నాకిక్కడ బాగానే ఉంది."

గొంతు ముసలావిడదే. బొంగురుగా, వాడక తుప్పుపట్టినట్టుగా ఉంది. మాటలు మాత్రం మావి. తెల్లవాళ్ళు తెలుగు నేర్చుకున్నా "త" అనమంటే "ట" అంటారు. ఈవిడ కాంతం అని శుభ్రంగా పలికింది. చోడవరం కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడ్డ మనిషి పక్కమనిషితో చెప్పినట్టు చెప్పింది.

ఆలోచించకుండానే "ఏటన్నారు?" అనేసేను.

"సెప్పు మరి," అంది. నా చెయ్యి వదిలేసింది. మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది.

పక్కన దుప్పట్లు మడతపెడుతున్న యుదిత్ చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "మాట్లాడింది," అంది. ఏం మాట్లాడిందో అర్థమయ్యిందా అని అడిగేను. "అది మా భాష కాదు," అంది.

భయం వెయ్యలేదు. కోపం వచ్చింది. ఎవరో నాతో ఆటలాడుతున్నారనిపించింది. చీడికాడ మా ఊరికి దగ్గరే, కొండల పక్క ఊరు. ఆ పేరు హంగేరీలో ఎవరికి తెలుస్తుంది? పాట అవ్వగానే కిరణ్‌ని పెరట్లోకి లాక్కెళ్ళేను.

"ఆవిడకి ఏం నేర్పించేవు? నిజం చెప్పు."

వాడు ముందు నవ్వేడు. నేను నవ్వకపోయేసరికి మొహం మాడిపోయింది. "నీ యాస నేను వెక్కిరిస్తాను, ఒప్పుకుంటాను. సొంత భాషే మర్చిపోయిన ముసలావిడకి ఒక్క రోజులో తెలుగు నేర్పానంటావా? అసలు చీడికాడ అంటే ఏంటి? తినేదా?"

వాడి కళ్ళు చూస్తే అబద్ధం చెబుతున్నట్టు లేదు. అయినా నమ్మలేదు. ఇంటికి నేను పంపే వాయిస్ మెసేజీలు ఎవరైనా రికార్డు చేసి వినిపించేరేమో అనుకుని ఫోన్లో పాతవన్నీ విన్నాను. ఒక్కదాంట్లోనూ చీడికాడ లేదు, కాంతం లేదు.

తర్వాత అనుమానం డేనియల్ మీదకి మళ్ళింది. సంగతి వినగానే వాడు మోకాళ్ళ మీద పడి స్తోత్రం చెప్పేడు. బైబిల్లో పెంతెకొస్తు దినాన శిష్యులు అన్య భాషల్లో మాట్లాడినట్టే ఇదీ అన్నాడు. ఆదివారం పక్క పట్నంలోని చర్చిలో నేను సాక్ష్యం చెప్పాలన్నాడు. అంత ఆనందం చూసేసరికి నాకు ఇంకా అనుమానమొచ్చింది. అద్భుతం కావాలని ఎదురుచూసేవాడికి అది ఇంత సులువుగా దొరికిందేమిటి?

చెప్పనన్నాను. "నాకే తెలియని దానికి నేను సాక్షిని కాను," అన్నాను. వ్యానులో ఆ వారమంతా ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. కొందరికి నేను అవిశ్వాసిని, కొందరికి అబద్ధాలకోరుని. డేనియల్ మాత్రం బలవంతం చెయ్యలేదు. అది చూసేక, వాణ్ణి అనుమానించడానికీ నాకు ఆధారం లేకుండా పోయింది.

ఆశ్రమం నుంచి వచ్చేసే ముందు యుదిత్‌ని గుచ్చిగుచ్చి అడిగేను. మార్తా ఎప్పుడైనా ఇండియా వెళ్ళిందా? లేదు. సముద్రం కూడా చూడలేదు, వాళ్ళ దేశానికి సముద్రమే లేదు. ఇండియా వాళ్ళెవరైనా ఈ ఊళ్ళో ఉన్నారా? మేమే మొదటివాళ్ళమట.

చోడవరం వచ్చేక చాలా రోజులు ఇంట్లో చెప్పలేదు. అనకాపల్లిలో ఉద్యోగంలో చేరేను. ఒకరోజు అమ్మతో కూరగాయలు తరుగుతూ మాటల్లో చెప్పేసేను. ముందుగదిలో నాన్న టీవీ ఆపేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ మాట ఇంకెవరికి సెప్పేవు?"

నాన్న అలా అడగడం ఎప్పుడూ చూళ్ళేదు. కాంతం ఎవరో ఆయనకి తెలుసు. ఆవిడ కొడుకు నూకరాజు విశాఖపట్నం పోయి ఓడలో వంటపనికి చేరేడట. చలికాలంలో ఎక్కడో ఉత్తరాన ఓ రేవులో ఓడ దిగి ఊళ్ళోకి వెళ్ళేడట. మళ్ళీ ఓడ ఎక్కలేదు. శవమూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. కాంతం తొక్కని గుమ్మం లేదట, కలవని ఏజెంటు లేడట. మా నాన్న కూడా ఆవిడకి అర్జీలు రాసిపెట్టేడట.

"నీ సిన్నప్పుడు మనింట్లో ఈ సంగతి మాటాడుకునేవోళ్ళం," అన్నాడు.

నాకు ఒక్కసారి గుండె తేలికైంది. అదీ సంగతి! చిన్నప్పుడు విన్నది ఎక్కడో అడుగున ఉండిపోయింది. పరాయి దేశంలో, ఇంటి మీద బెంగలో, ముసలావిడ ఏదో గొణిగితే నా చెవులే దాన్ని తెలుగు చేసుకున్నాయి. అందర్నీ అనుమానించేను గానీ నన్ను నేను అనుమానించుకోలేదు. ఇంతటితో వదిలేద్దామనుకున్నాను.

నాన్న కూడా అదే అన్నాడు. "నీ కొడుకు కబురు తెచ్చేం అని ఆవిడ దగ్గర తిని పోయినోళ్ళు శానామంది. ఇప్పుడు నువ్వెల్తే, మతం కలిపీడానికి ఎత్తు ఏసేరంటారు. ఎల్లొద్దు."

అమ్మ మాత్రం కత్తిపీట పక్కకి జరిపి, "ఆ కబురు నీదా?" అని అడిగింది. కాదన్నాను. "నీది కానప్పుడు నీ దగ్గిరెలా ఉంచుకుంటావే?" అంది.

ఆ మాటతో నాన్న మెత్తబడ్డాడు. ఆదివారం ఆరాధన అయ్యేక బండి మీద నన్ను చీడికాడకి ఆయనే తీసుకెళ్ళేడు. బైబిలు అమ్మ చేతికిచ్చి పంపించేసేను. ప్రార్థన అనే మాట కూడా ఎత్తకూడదనుకున్నాను.

కాంతం అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. సన్నగా, పొడుగ్గా ఉంది. నాన్నని గుర్తుపట్టి కూర్చోమంది. హంగేరీలో ముసలమ్మ మాట్లాడిన సంగతి, ఆవిణ్ణి వెతకొద్దని చెప్పమన్న సంగతి చెప్పేను. ఆవిడ తలెత్తలేదు. గింజలు గిన్నెలో పడుతూనే ఉన్నాయి.

"ఎవులు పంపేరు నిన్ను?" అంది.

ఎవరూ పంపలేదన్నాను.

"మరేటి కావాల? మీ సర్చికి రమ్మంటావా? పోయినోడు పోయేడని రాసి సంతకం ఎట్టమంటావా?"

ఏమీ వద్దన్నాను. కిరణ్ ముందు నేను ఎలా నిలబడ్డానో ఆవిడ నా ముందు అలా కూర్చుంది. అనుమానం అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. "నాకు నమ్మకం లేదు పెద్దమ్మా. నా చెవులే పొరపాటు పడ్డాయనుకుంటన్నాను. కానీ చెప్పకుండా ఉండలేక వచ్చేను," అని లేచేను. నాన్న బండి స్టార్ట్ చేసేడు.

అప్పుడు వెనకనుంచి పిలిచింది. "ఇలారా గుంటా. నన్ను ఏటనింది? నూకరాజు తల్లికి సెప్పమందా, ఏటని సెప్పింది?"

"కాంతం పిన్నికి అంది."

ఆవిడ చేతులు ఆగిపోయేయి.

నూకరాజు కన్నతల్లి పురిట్లోనే పోయిందట. చెల్లెలైన కాంతాన్ని బావకిచ్చి చేసేరు. ఊరికి మాత్రం ఆవిడే తల్లి, వాడు పిలిచేది అమ్మా అనే. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు, ఆవిణ్ణి ఉడికించడానికి మాత్రం "కాంతం పిన్నీ" అనేవాడట. అన్నప్పుడల్లా గరిటె పట్టుకుని వెంటపడేదట. నాన్న వైపు చూసేను. ఈ సంగతి తనకీ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపేడు. నాన్నకే తెలియనిది, నేను చిన్నప్పుడు మా ఇంట్లో ఎలా వింటాను?

కాంతం ఏడవలేదు. "ఆ ముసలమ్మతో నేను మాటాడాల," అంది.

డేనియల్ ద్వారా యుదిత్ నంబరు సంపాదించేను. మరో ఆదివారం మధ్యాహ్నం, అక్కడ పొద్దున్న, కాంతం ఇంట్లోనే వీడియో కాల్ చేసేను. తెర మీద మార్తా కనిపించింది. మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. కాంతం కొంగు సర్దుకుని ఫోను దగ్గరికి జరిగింది.

"ఒరే నూకరాజూ," అంది.

నేను నర్సు కళ్ళతోనే చూస్తున్నాను. పేరు వింటే మార్తా కనుపాపలు కదులుతాయా, తల తిరుగుతుందా, చెయ్యి కదుపుతుందా అని. ఏమీ లేదు. ఎవరో అపరిచితురాలిని చూసినట్టు చూసింది. అదీ కొంతసేపే.

కాంతం ఆపలేదు. గేదె ఈనిందని చెప్పింది. ఫలానావాడి కూతురు పెళ్ళి అయ్యిందంది. ఓడ ఎందుకు దిగేవురా అని తిట్టింది. ఎవరైనా కొట్టేరా అని అడిగింది. తిన్నావా అని అడిగింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. యుదిత్ కళ్ళు తుడుచుకుంటోంది, ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

చివరికి కాంతం గట్టిగా ఊపిరి పీల్చుకుని, "సరేలే. ఎతకను," అంది.

మార్తా అప్పటికే కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందంది యుదిత్. ముసలివాళ్ళు పొద్దున్నపూట అలా కునుకు తీయడం మామూలే. దాన్ని నేను దేనికీ రుజువుగా చెప్పను.

ఒక్క మాట ఇప్పటికీ నన్ను తొలుస్తూ ఉంటుంది. నూకరాజు బతికే ఉండి, ఎప్పుడో మార్తా వాళ్ళ రైల్వే గేటు పక్క ఇంట్లో తలదాచుకున్నాడేమో. ఆవిడకి ఆ ముక్కలు నేర్పింది వాడేనేమో. యుదిత్‌కి తెలియనంత మాత్రాన జరగలేదని ఎలా చెప్పడం? ఆ ఊళ్ళో పాతవాళ్ళని అడిగిస్తానని కాంతంతో అన్నాను.

ఆవిడ నా చేతిలో చింతపండు పొట్లం పెట్టి, "ఇంక అడక్కు తల్లీ. ఆడికి మాటిచ్చేను," అంది.

అందుకే అడగలేదు. కిరణ్‌ని అనుమానించేను, డేనియల్‌ని అనుమానించేను, నా చెవుల్నీ అనుమానించేను. ఆ మధ్యాహ్నం నా మణికట్టు పట్టుకుని ఎవరు మాట్లాడేరో నాకు ఈరోజుకీ తెలియదు.