డాక్టరమ్మ చెప్పిన కూర

ఆ రోజు పొద్దున మా ఆయన మంచం మీంచి కాలు కింద పెట్టి, వెంటనే పైకి తీసుకున్నాడు. షిఫ్టుకు పోవడానికి బద్ధకమేమో అనుకున్నాను. "ఏమయ్యా, లేస్తవా లేదా?" అంటే దుప్పటి తొలగించాడు. కుడికాలి బొటనవేలు మొదట్లో ఎర్రగా ఉబ్బి మెరుస్తోంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోతున్నాడు.

మాది సిరిసిల్ల దగ్గర పల్లె. పెళ్లయిన కొత్తలోనే సూరత్ వచ్చేశాం. పర్వత్ పాటియాలో అద్దె గది. మా ఆయన రాజేశం సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. ఏ సాంచ మీద పోగు తెగిందో చూసుకుంటూ షిఫ్టంతా వాటి మధ్య తిరుగుతూనే ఉండాలి. నిలబడలేని మనిషికి కార్ఖానాలో పని ఉండదు. ఆయనకు వేరే పని రాదు. అందుకే ఆ వేలు చూడగానే నాకు భయమేసింది.

కరోనా రెండోసారి విరుచుకుపడి తగ్గిన తర్వాతి మాట ఇది. అప్పుడు ఆయనకూ సోకింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్స్ ఇచ్చారు, ప్రాణం దక్కింది. దక్కించిన వాళ్లందరికీ ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఇంటికి పంపే ముందు షుగర్, బీపీ ఉన్నట్టు తేలింది. అక్కడి డాక్టరమ్మ గుంటూరు వైపావిడ. సూరత్ ఆసుపత్రిలో తెలుగు మాట వినబడితే ఎంత హాయిగా ఉంటుందో ఇక్కడ బతికేవాళ్లకు చెప్పక్కర్లేదు. సగం అర్థమైన హిందీకి, అసలు అర్థం కాని గుజరాతీకి తల ఊపే బాధ తప్పింది.

ఆమె నెమ్మదిగా చెప్పారు. "అన్నం బాగా తగ్గించండమ్మా. కూర ఎక్కువ పెట్టండి. షుగర్ అదుపులో ఉంటుంది, ఓపికా వస్తుంది."

బయటికి రాగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. "ఇసుంటి పథ్యం ఏ డాక్టరన్న చెప్పిండా? ఈమె దేవత" అన్నాడు.

మా వైపు ఒట్టి 'కూర' అంటే మాంసమే. బెండకాయను బెండకాయంటాం, పప్పును పప్పంటాం. ఆదివారం "కూర తెచ్చుకున్నరా?" అని పక్కింటివాళ్లు అడిగితే ఏమడుగుతున్నారో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైగా ఆ రోజుల్లో ఎవరు కనబడినా గుడ్లు తినండి, కోడి తినండి, తాకత్ వస్తుందని చెప్పేవాళ్లే. ఇంక నేనెందుకు ఆగుతాను? వారానికోసారి వండే కోడి రోజూ వండాను. గల్లీ చివర బాయిలర్ కోడి దుకాణంవాడు నన్ను చూడగానే కత్తి అందుకునేవాడు. అలా కొన్ని నెలలు గడిచాక ఆ వేలు ఉబ్బింది.

డాక్టరు దగ్గరికి పోదామంటే మా ఆయన వినలేదు. మెడికల్ షాపులో నొప్పి గోలీలు కొని మింగి, కుంటుతూ పనికి పోయాడు. వాపు తగ్గేది, మళ్లీ వచ్చేది. ఒకనాడు చీలమండ దాకా ఎక్కింది. మా అమ్మాయి శ్రావణి సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల. దానికి ఓపిక తక్కువ. "బస్ హో గయా, ఇంక చాలు నాన్నా, నడువు" అని ఆటో పిలుచుకొచ్చింది.

రక్తం, మూత్రం పరీక్షలయ్యాయి. డాక్టరమ్మ రిపోర్టులు చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు. "యూరిక్ యాసిడ్ బాగా పెరిగిందమ్మా. దీన్ని గౌట్ అంటారు. క్రియాటినిన్ కూడా పెరిగింది, అంటే కిడ్నీలు అలసిపోతున్నాయి. రోజూ ఏం తింటున్నారు?"

"మీరు చెప్పినట్టే మేడం. బువ్వ జరంత, కూర మస్తు" అన్నాను గర్వంగా.

"మంచిది. ఏం కూరలు?"

"ఎక్కువ కోడే మేడం. పైసలుంటే మేక."

"అది సరే, కూరలేం చేస్తున్నారు?"

"గవే మేడం కూరలు."

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. సంగతి అర్థమయ్యాక నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నారు. "అయ్యో, నేను చెప్పింది కూరగాయల కూరమ్మా. మావైపు కూరంటే అదే. ఏం కూరో పేరు పెట్టి చెప్పాల్సింది నేను" అన్నారు. శ్రావణి నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ప్రేమగా వండి వండి పెట్టిందే ఆయన కాలిలోకి దిగిందని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మెడికల్ షాపు నొప్పి గోలీల సంగతి కూడా చెప్పాను.

"నొప్పి మాత్రలు ఇవాళ్టితో ఆపేయాలి. అవే కిడ్నీని ఎక్కువ దెబ్బతీస్తున్నాయి. మాంసం కూడా మానేయండి. ఇప్పుడు జాగ్రత్తపడితే ఇక్కడితో ఆగొచ్చు. ఇలాగే నడిస్తే డయాలసిస్ దాకా పోతుంది" అన్నారామె.

డయాలసిస్ మాట మా ఆయనను రెండు రోజులు భయపెట్టింది. మూడో రోజు కంచం ముందు కూర్చుని, "ఆకులలములు తినెటందుకు నేనేమన్న మేకనా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఊళ్లో మా తమ్ముడు గంగాధర్‌కు ఫోన్ చేశాను.

వాడికి ఊరి బయట కోళ్ల షెడ్డు ఉంది. మొదటి లాక్‌డౌన్‌లో పని ఆగిపోయి మేం వాడి ఇంట్లోనే తలదాచుకున్నాం. షెడ్డులో అడుగుపెడితే ఘాటుకు కళ్లు మండేవి. నేల కనబడకుండా తెల్లటి కోళ్లు. ఒకటి రెక్క చాపాలంటే పక్కదాని మీద వెయ్యాల్సిందే. షెడ్డు వాడిదే గానీ కోడిపిల్లలు, దాణా, మందులు అన్నీ కోళ్ల కంపెనీవే. చచ్చినవాటిని ఏరి పారేయడం మాత్రం మా తమ్ముడి వంతు. కోడి తింటే కరోనా వస్తుందని పుకారు లేచినప్పుడు కంపెనీ బండి రాలేదు. దాణా ఆగిపోయింది. వాడు గొయ్యి తవ్వి బతికున్న కోళ్లను పూడ్చాడు. అది చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. సూరత్ వచ్చేసరికి ఆ ఏడుపు దారిలోనే దిగిపోయింది.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి అడిగాను. "తమ్మీ, నీ షెడ్డు కోళ్లు నువ్వెందుకు తినవో బావకు చెప్పు."

వాడు చెప్పాడు. "ఏం చెప్పాలె అక్కా. రోగం రాకముందే నీళ్లల్ల మందు పోస్తం. నెలన్నర తిరగకముందే గంత బరువెక్కుతయి. కాళ్లు మొయ్యవు. లేవ చాతగాక ఏడిదాడ కూలవడుతయి. దాణా ముంగటనే ఉన్నా పోలేవు. అది చూసినంక నోట్లె పెట్ట బుద్ధి గాదు బావా."

మా ఆయన తన కాలి వైపు చూసుకుని, కంచం దగ్గరికి లాక్కున్నాడు.

అంతటితో మారిపోయాడనుకుంటే పొరపాటే. దసరా నాడు దోస్తు గదికి పోయి కడుపునిండా మటన్ తిని, మందు తాగి వచ్చాడు. తెల్లారేసరికి మోకాలు వాచింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ గట్టిగానే తిట్టారు. కోళ్ల నీళ్లలో పోసే మందు సంగతి నేను చెబితే ఆమె తలూపారు. "జబ్బు లేకపోయినా యాంటీబయాటిక్స్ పోస్తూ ఉంటే క్రిములు వాటికి లొంగకుండా తయారవుతాయి. రేపు మనకు జబ్బు చేస్తే ఆ మందులే పనిచేయవు" అన్నారు. కోడికి జరిగే అన్యాయం కోడితోనే పోదని నాకు ఆ రోజు అర్థమైంది.

అసలు కిటుకు వంటింట్లో దొరికింది. ఆయన నాలుక వెతుకుతున్నది అల్లంవెల్లుల్లి, ధనియాలు, కొబ్బరి, లవంగాల కోసం. ఇక్కడ పాపడీ అంటారు, మన చిక్కుడుకాయే. అందులో కోడికి వేసే మసాలా అంతా దట్టించి, నూనె తేలేదాకా మగ్గబెట్టాను. పక్కింటి హంసాబెన్ వాసన పట్టి గిన్నె పట్టుకుని వచ్చింది. మా ఆయన జొన్నరొట్టెతో తిని, ఇంకొంచెం వెయ్యమన్నాడు. నాకు పండగయింది.

ఇప్పుడు ఆయన క్రియాటినిన్ కొంచెం దిగి అక్కడే నిలబడింది. మందులు వాడుతున్నాడు, పప్పు ఎంత తినాలో కూడా డాక్టరమ్మనే అడుగుతాం. మా ఇంట్లో మాంసం, గుడ్లు లేవు. మేం ముగ్గురం మానితే షెడ్లు మూతపడవని నాకూ తెలుసు. మా తమ్ముడు ఇంకా ఆ షెడ్డే నడుపుతున్నాడు. వాడికి కంపెనీ తప్ప వేరే దారి దొరకలేదు. నేను కోడిని మానాను గానీ తమ్ముణ్ణి మానలేదు. అయినా కాళ్లు విరిగే బరువు మోసిన ప్రాణి నా పొయ్యి మీదికి రావడం లేదంటే నాకు నిమ్మళంగా ఉంది.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే. డాక్టరు తినమన్నదాన్ని మీ ఇంట్లో పిలిచే పేరుతో తిరిగి చెప్పి, అదేనా అని అడగండి. భాష ఒకటే కదా అని ఊరుకోకండి. మా డాక్టరమ్మ కూడా ఇప్పుడు తెలుగువాళ్లు కనబడితే బీరకాయ, సొరకాయ, బెండకాయ అంటూ కూరగాయలమ్మే ఆవిడలాగా పేర్లన్నీ చదువుతున్నారు.

నిన్న ఆదివారం. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి, గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి చెప్పు విప్పుకుంటూ, "ఇయ్యాల ఏం జేసినవ్?" అన్నాడు.

"పాపడీ" అన్నాను.

"గట్ల కాదు. కూర అను" అని, కాలు మార్చి, ఆ కుడికాలి మీదే నిలబడి రెండో చెప్పు విప్పాడు.