తొలి డొప్ప

చర్ల దారిలో బస్సు దిగి, వాగు దాటి కాస్త నడిస్తే జంపయ్య జీలుగు చెట్టు. దాని కింద తాటాకు పందిరి, కూర్చోవడానికి నాలుగు మొద్దులు. భద్రాచలం నుంచి కూడా అక్కడికి ఆ చెట్టు కల్లు రుచి చూడటానికి వచ్చేవాళ్లు. అయితే తొలి డొప్ప మాత్రం జంపయ్యదే. ఆ కోయగూడెంలో చెట్టు ఎవరిదో వాళ్లు ముందు తాగి చూపించాలి. అందులో ఏ మందూ కలపలేదనడానికి అదే ప్రమాణం. అతని గొంతు దిగాకే మిగతావాళ్లు చెయ్యి చాపుతారు.

నన్నక్కడికి తీసుకెళ్లింది మా అన్న వెంకటప్పయ్య. పెనుబల్లిలో పొగాకు వేసేవాడు. మొన్న వైశాఖంలో పోయాడు. అప్పటినుంచీ అన్నను తలుచుకుంటే ఇల్లు గుర్తుకు రాదు, ఆ పందిరే గుర్తుకొస్తోంది. అన్నకు కల్లు కన్నా జంపయ్య మాటలిష్టం. జంపయ్య ఒక గుక్క నాలుక మీద ఆడించి, రాత్రి మంచు బాగా పడిందనో, గెల ముదిరి తీపి తగ్గిందనో చెప్పేవాడు.

పంతొమ్మిది వందల ఎనభై మూడో, నాలుగో. మాఘమాసం. వాగు దగ్గరే జంపయ్య భార్య ముత్తక్క మాకు ఎదురొచ్చింది. ఆయనకు కామెర్లు ముదిరాయని, ఇంకొక్క చుక్క తాగినా బతకడని దవాఖానాలో చెప్పారట. గీస్తున్నాడు గానీ తాగడం లేదు. ఆయన తాగనిదే ఎవరూ ముట్టడం లేదు. కుండలకు కుండలు పులిసి నేలపాలవుతున్నాయి. ఆ అవమానం పడలేక, ఇవాళ తాగి తీరతానని పొద్దుటినుంచీ అంటున్నాడట.

పందిరి కింద గూడెం పెద్ద పగిడయ్య, మరి కొందరూ కూర్చున్నారు. తాగమని ఎవరూ అనడం లేదు, వద్దనీ అనడం లేదు. జంపయ్య కూర్చుంటాడు, లేస్తాడు. మొలకున్న కత్తి బిగించుకుంటాడు. కుండను నీడలోంచి ఎండలోకి జరుపుతాడు, మళ్లీ నీడలోకి తెస్తాడు. కళ్లు పసుపుముద్దల్లా ఉన్నాయి. ఈ ఒక్కసారికి తాను ముందు తాగుతానని అన్న అన్నాడు. పగిడయ్య మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు తాగితె ఏం లాభం బాబూ? చెట్టు ఎవలదో ఆళ్లు తాగాలె."

జంపయ్య డొప్ప నింపాడు. పెదవుల దాకా వెళ్లనివ్వకుండా ముత్తక్క దాన్ని లాక్కుంది. ఆ పందిట్లో మగవాళ్ల ముందుకు ఆడమనిషి రావడం నేనెన్నడూ చూడలేదు.

"ఇటియ్యి ముత్తా. చెట్టు నాది," అన్నాడు జంపయ్య.

"నువ్వు సస్తె ఎవలది?" అని, పగిడయ్య వైపు తిరిగింది. "నాదే గద పెద్దయ్యా? సచ్చిండనుకోండ్రి. ఇయ్యాల్టి సంది చెట్టు నాది. ఎక్కేటోడు నా జీతగాడు."

అని గటగటా తాగేసింది. పొలమారి దగ్గింది. ఎవరూ నవ్వలేదు. పగిడయ్య ఆమెను చాలాసేపు చూశాడు. జంపయ్యనూ చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. ఆయన వెనక మా అన్న.

జంపయ్య మాత్రం మా వైపు చూడలేదు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. వాగు దాకా పోయి వచ్చాడు. మధ్యాహ్నం గీతకు ఇంకా పొద్దుంది. అయినా వెదురు నిచ్చెన పట్టుకుని పైకెక్కాడు. కాసేపు కత్తి చప్పుడు వినిపించింది. తర్వాత అది ఆగింది.

"ఎట్లుంది?" అన్నాడు పైనుంచి.

అన్న ఏదో చెప్పబోయాడు. ముత్తక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"పులుపెక్కింది," అంది పైకి చూడకుండా. "కుండ సరిగ్గ కడగలే జీతగాడు."

పైన కత్తి చప్పుడు మళ్లీ మొదలైంది. మేం లేచేదాకా ఆయన దిగలేదు.